ఇంగ్లిషులో ‘టు’కూ క్రియకూ మధ్య క్రియావిశేషణం రావచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థి అడిగిన ఈ ప్రశ్నకు జవాబు: రావచ్చు, తప్పు కాదు. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే ఇంగ్లండు మతాచార్యుడు, పండితుడు దీన్ని ఆక్షేపించారు. ఆ నిషేధాన్ని పిల్లల చేత ఇంకా వల్లె వేయించడం నాకు బాధ కలిగిస్తుంది. ‘టు రియల్లీ అండర్‌స్టాండ్’ రోజువారీ ఇంగ్లిషులో ఎంతో సహజం. ‘టు మోర్ దాన్ డబుల్’లోనైతే మాటలను కదపడానికే వీలుండదు. ‘డిసైడెడ్ క్విక్లీ టు లీవ్’ అంటే త్వరగా జరిగింది నిర్ణయమా, బయలుదేరడమా? ‘డిసైడెడ్ టు క్విక్లీ లీవ్’ అంటే ఆ సందేహమే రాదు.

అయితే తెలుగులోనూ, ఇక్కడి ఒడియాలోనూ ‘స్పష్టంగా’ వంటి మాట క్రియకు ముందే వస్తుంది కనుక మనం ‘టు క్లియర్లీ స్పీక్’ అంటుంటాం. పని జరిగే తీరును చెప్పే మాటను ఇంగ్లిషువారు ఎక్కువగా చివర పెడతారు: ‘టు స్పీక్ క్లియర్లీ’. ‘నాట్’ మాత్రం రాతలో ‘టు’కు ముందుంటేనే మేలు.