ఆటలో వచ్చే లెక్క నోట్‌బుక్‌లో రావడం లేదు!

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆటలో ఎవరు ఎంత తేడాతో గెలిచారో నోటితోనే చెప్పేస్తాడు. అదే లెక్క నోట్‌బుక్‌లో ఇస్తే బిక్కమొహం వేస్తాడు. మార్కులు తగ్గాయని మావారు సాయంత్రం ఆటలు మాన్పించి ట్యూషన్లో చేర్పించారు. ఇప్పుడు బడికే వెళ్లనని పేచీ పెడుతున్నాడు. ఇది బద్ధకమేనా?
- ఓ తల్లి

జవాబు: బద్ధకం కాదమ్మా. బాబుకి లెక్క వచ్చు, దాన్ని కాగితం మీద పెట్టే పద్ధతే ఇంకా పట్టుబడలేదు.

బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద ఒక అధ్యయనం 1985లో వెలువడింది. కొబ్బరికాయ 35 క్రుజైరోలైతే (అప్పటి బ్రెజిల్ డబ్బు) పది ఎంత అని అడిగితే ఓ పన్నెండేళ్ల అబ్బాయి మూడు 105, ఇంకో మూడు కలిపితే 210 అంటూ 350కి చేరుకున్నాడు. పదితో గుణించడానికి 35 పక్కన సున్నా పెట్టే పద్ధతి వాడలేదు. అమ్మేచోట ఆ పిల్లల జవాబుల్లో 98 శాతం సరైనవే. అలాంటి లెక్కలే వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిపోయాయి. చూసింది ఐదుగురినే అయినా, మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే.

బాబుని 52లోంచి 37 తీసేయమనండి. బహుశా పై 2ని కింది 7లోంచి తీసేసి 25 అని రాస్తాడు, ఈ వయసులో చాలామంది చేసే తప్పే. కోప్పడకండి. 'మీ జట్టుకి 52, వాళ్లకి 37 వస్తే ఎంత తేడాతో గెలిచినట్టు?' అని అడగండి. '37కి 3 కలిపితే 40, ఇంకో 12... పదిహేను' అంటాడు. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు మీరే కాగితం మీద రాయండి. పక్కనే బడిలో చెప్పిన పద్ధతిలో చేయించండి. రెండూ ఒకటే లెక్కని వాడే కనిపెట్టాలి, మీరు ముందే చెప్పేయకండి. రోజుకి ఒకటి రెండు లెక్కలు చాలు.

రాత పద్ధతి అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. అంకెలు పెద్దవైనా, భిన్నాలు వచ్చినా నోటిలెక్క ఎంతో దూరం లాగదు.

ఆటలు వెంటనే మొదలుపెట్టనివ్వండి. మీవారితో వాదించే బదులు ఆ కాగితం చూపించండి. టీచర్‌ని కూడా ఒకసారి బాబుని నోటితో అడిగి చూడమనండి. బడికి వెళ్లననడానికి అవమానమో, ఎవరైనా ఏడిపించడమో కారణం కావచ్చు, మార్కుల ఊసెత్తకుండా విడిగా అడగండి. కొన్ని నెలలు ఇలా చేయించినా రాతలో అంకెలు తారుమారవుతూనే ఉంటే పిల్లల సైకాలజిస్టుకి చూపించండి.