ఫిజిక్స్ డిగ్రీతో జియోఫిజిక్స్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ అయిపోవస్తోంది, అప్లైడ్ జియోఫిజిక్స్ చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా అండీ?

జవాబు: నిశ్చింతగా చదివించండమ్మా. జియోఫిజిక్స్ అంటే ఫిజిక్స్ పద్ధతులతో భూమి లోపల ఏముందో తెలుసుకునే శాస్త్రం. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ఉంది, ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఐఐటీ బాంబే, ధన్‌బాద్ కూడా చూడొచ్చు. ఫిజిక్స్, లెక్కలు బాగా రావాలి, అదే అసలు సంగతి. ఫీల్డ్‌లో నేలలో ఒకే వరసలో నాలుగు ఎలక్ట్రోడ్లు (లోహపు కడ్డీలు) దిగ్గొట్టి, బయటి రెండింట్లో కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు, కడ్డీల మధ్య దూరం పెంచుకుంటూ పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తుంది, నీళ్లున్న పగుళ్ల రాయి రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) తక్కువ చూపిస్తుంది, బోరు ఎక్కడ వేయాలో చెప్పేది ఇలాగే. ఎండలో తిరగాలి, ఆ ఓపిక అమ్మాయికుందో లేదో ఒకసారి అడగండి. ఇక ఉద్యోగాలంటారా, యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా), చమురు, గ్యాస్ సంస్థ ఓఎన్‌జీసీ, పరిశోధనకైతే హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్ఐ (జాతీయ జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ). పైథాన్ ప్రోగ్రామింగ్ మాత్రం ఇప్పుడే మొదలెట్టమనండి.