అమ్మలూ, ఫొటో డెస్క్‌లో చేరే ముందు ఇది చదువు

అమ్మలూ,

హైదరాబాద్‌లో ఫొటో ఎడిటర్ ఉద్యోగం వచ్చిందని, ఐదేళ్లలో క్రియేటివ్ డైరెక్టర్ అయిపోతానన్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. మన విజీనారం గుంట అంత మాట అన్నాదా అని ఎంత మురిసిపోయానో, అంతే బెంగ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

ఫొటోషాప్, లైట్‌రూమ్ నీకొచ్చు, వాటి గురించి చెప్పను. పోర్ట్‌ఫోలియోలో కొన్నే పెట్టు, మంచివి పెట్టు.

రంగులు దిద్దడం ఆ పనిలో చిన్న ముక్క. ఏ ఫొటో వెయ్యాలి, ఏది ఆపాలి, కింద ఏం రాయాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి, ఇదంతా ఆ కుర్చీ మీదే పడుతుంది. మన పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజు మా పేపర్ డెస్క్‌కి అందరూ ఒకటే ఫొటో పంపుతారు, మాను చివర పూజారి, కింద జనం. ఒక ఏడాది ఒక కుర్రాడు పంపినవాటిలో అసలు మానే లేని ఫ్రేము ఒకటుంది, మేడ మీద ముసలమ్మ అరటిపండు విసిరింది, అది ఇంకా గాల్లోనే ఉంది, ఆవిడ కళ్లు మూసుకునుంది. లోపలి పేజీలో పెద్దగా వేశాం. ముందు పేజీకి మాత్రం మాను ఉన్నదే, ఎందుకంటే రాలేని వాళ్లు పేపర్లో దానికే దణ్ణం పెట్టుకుంటారు. ఈ తేడా ఏ కోర్సులోనూ చెప్పరమ్మా.

ఇప్పుడు నా అసలు భయం చెప్తాను. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది కదా. అక్కడి ఉద్దానం ఊళ్లలో కరెంటు లేదు, ఫోన్లు లేవు, మా స్ట్రింగర్, అంటే ఊళ్లోంచి మాకు ఫొటోలు పంపే కుర్రాడు, ఎక్కడున్నాడో తెలీదు, పేజీ టైమైపోతోంది. డెస్క్‌లో ఒకాయన పాత ఫోల్డర్లోంచి కూలిన కొబ్బరిచెట్ల ఫొటో తీసి పెట్టేశాడు. ఫోల్డర్ పేరు "అక్టోబర్ తుఫాను", సంవత్సరం లేదు. అది 2014 అక్టోబర్లో వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఫొటో, విశాఖది. ఆయనకి మోసం చేయాలని లేదు, ఆ ఫైల్లో తేదీ, ఊరు, తీసినవాడి పేరు ఏవీ నింపలేదు, అంతే. మర్నాడు మా స్ట్రింగర్ పడిపోయిన చెట్లు దాటుకుంటూ, కెమెరా పాలిథిన్ కవర్లో చుట్టుకుని ఊళ్లోకి వెళ్తే ఒక రైతు పేపర్ చూపించి "మా చెట్లు పోయాయి, ఫొటోకి కూడా పనికిరాలేదేటి మీకు?" అన్నాడంట. కెమెరా తియ్యనివ్వలేదు ఎవరూ. ఇరవై ఏళ్లు పెంచిన జీడిమామిడి తోట పోయిన మనిషి ఆ మాటంటే ఏం జవాబు చెప్తాం? సవరణ వేశారు, మూలన, చిన్న అక్షరాల్లో. అందుకే కెమెరా కార్డు కాపీ అవుతున్నప్పుడే ఐపీటీసీ వివరాలు, అంటే ఫొటో ఫైల్లోనే ఉండిపోయే తేదీ, ఊరు, తీసినవాడి పేరు లాంటివి, నింపు. పాత ఫొటో వెయ్యాల్సొస్తే "పాత చిత్రం" అని రాయించు, ఎడిటర్ విసుక్కున్నా సరే, ఈ ఒక్క విషయంలో మొండిగానే ఉండు తల్లీ.

పెద్దవాళ్లకీ జరిగింది ఇలాంటిది. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు అడ్డంగా ఉన్న గీజా పిరమిడ్ల ఫొటోని నిలువు కవర్లో ఇరికించడానికి పిరమిడ్లని కంప్యూటర్లో దగ్గరికి జరిపారు, దాని మీద పెద్ద గొడవైంది. ఇప్పుడు ఏఐతో ఒక్క క్లిక్ చాలు, లేని ఆకాశం కూడా వచ్చేస్తుంది, "కవర్‌కి కొంచెం పెంచవా" అని నిన్నే అడుగుతారు. వార్త ఫొటోకి మాత్రం ఒప్పుకోకు.

ఇక క్రియేటివ్ డైరెక్టర్, అంటే ఫొటోలు, డిజైన్ అన్నీ ఎలా కనిపించాలో తేల్చే పెద్ద కుర్చీ సంగతి. ఫొటో దారిలోనే వెళ్తే పిక్చర్ ఎడిటర్, ఫొటో డైరెక్టర్ అవుతావు. క్రియేటివ్ డైరెక్టర్ కుర్చీకి ఎక్కువమంది డిజైన్ వైపు నుంచి వస్తారు, ఆర్ట్ డైరెక్టర్‌గా చేసి. సత్యజిత్ రే సినిమాలకి ముందు 1943లో కలకత్తాలో డీజే కీమర్ అనే యాడ్ కంపెనీలో జూనియర్ విజువలైజర్‌గానే, అంటే ప్రకటనలకి బొమ్మలు, డిజైన్లు గీసేవాడిగానే చేరాడు, తర్వాత ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. నువ్వూ పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ నేర్చుకో, తెలుగు ఫాంట్లు ఎక్కడ విరుగుతాయో, ఒత్తులు లైన్ల మధ్య ఎలా తగులుకుంటాయో పేజీ డిజైనర్ పక్కన కూర్చుని చూడు. బడ్జెట్ మీటింగ్‌కి పిలిస్తే తప్పించుకోకు, పై కుర్చీలో సగం పని అదే. ఐదేళ్లు సరిపోకపోతే కంగారు పడకు, నిన్ను ఎవరూ తరమట్లేదు.

ఆఫర్ లెటర్లో బాండ్ ఉంటే సంతకం పెట్టకముందు నాకు వాట్సాప్ చెయ్యి. నైట్ షిఫ్ట్‌కి ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా అని సిగ్గుపడకుండా అడుగు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాక ఏ రోజో చెప్పు, నేను స్టేషన్‌కి వస్తాను, మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది.

మీ పెదనాన్న