పాలు, పెరుగు మానేశాక అరికాళ్లలో తిమ్మిర్లు.. మళ్లీ మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 41. మొదటి నుంచీ శాకాహారినే. షుగర్‌కు ఐదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా ఊళ్లో గేదెకు పుట్టిన మగ దూడకు పాలు వదలక, అది నా కళ్ల ముందే చనిపోయింది. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా పాలు, పెరుగు, నెయ్యి ముట్టలేదు. ఇప్పుడు అరికాళ్లలో తిమ్మిర్లు. పెరుగు మానడం వల్లేనని అత్తయ్య అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మళ్లీ మొదలుపెట్టక్కర్లేదమ్మా. పెయ్య దూడ పుడితే పెంచుతారు, మగదైతే దాని వంతు పాలు కూడా పిండుకుంటారు, ట్రాక్టర్లు వచ్చాక దున్నలతో పనీ లేదు. అది చూసి పాలు మానుకున్నవాళ్లను చాదస్తం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

తిమ్మిర్ల విషయంలో మాత్రం అత్తయ్యగారి మాటలో కొంత నిజముంది. నా అనుమానం విటమిన్ బి12 మీద. శాకాహారులకు అది ప్రధానంగా పాలు, పెరుగు నుంచే అందుతుంది. కాలేయంలో నిల్వ నిండుగా ఉంటే ఎనిమిది నెలల్లో అయిపోదు, కొన్నేళ్లు వస్తుంది. మీకు ముందు నుంచే తక్కువ ఉండి ఉండొచ్చు, పైగా మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బి12 ఒంటికి సరిగా పట్టదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ఈ వారమే బి12, సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ సొంతంగా ఆపొద్దు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోవద్దు, రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది కానీ లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.

బి12 లోపం తేలితే ఇంజెక్షనా, మాత్రలా అన్నది మీ డాక్టర్ చెబుతారు. ఆ తర్వాత కూడా, ఇదే ఆహారంలో ఉన్నంతకాలం మాత్ర ఆపకూడదు. మందుల్లో వాడే బి12ని బ్యాక్టీరియాతో తయారుచేస్తారు, మీ నియమానికి అడ్డు కాదు. క్యాప్సూల్ పెంకు మాత్రం చాలావరకు జంతువుల జెలటినే, అందుకే టాబ్లెట్ అడగండి.

నెయ్యి, వెన్న మానితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది, పప్పులు, కూరగాయలు పెరిగితే షుగర్‌కూ మేలే. నెయ్యి, వెన్న స్థానంలో తెల్లన్నం, మైదా బిస్కెట్లు పెరిగితే ఏ లాభమూ లేదు. కాల్షియం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో 300కు పైనే ఉంటుంది, నువ్వులు, మునగాకు కూడా కలపండి. పెరుగన్నం లేక వెలితిగా ఉంటే వేరుశెనగ పాలను గోరువెచ్చగా చేసి పచ్చిమిర్చి తొడిమలు వేసి చూడండి, తోడుకుంటుంది.

నడుస్తుంటే తూలినట్టున్నా, తిమ్మిర్లు పైకి పాకుతున్నా రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే న్యూరాలజిస్టును కలవండి.