ముందు చెట్టు పేరు రాయి

బుజ్జీ,

ఫొటో చూశాను. "ఈ బుడిపెలు ఏ పురుగువి పెద్దమ్మా?" అని అడిగావు గానీ, అది ఏ చెట్టు ఆకో చెప్పలేదు. ఆ బుడిపెలు ఆకు చేత పురుగులు కట్టించుకునే ఇళ్లు. వీటిని కట్టించే జీవులు చాలావరకు ఒకే చెట్టునో, దాని దగ్గరి చుట్టాలనో పట్టుకుని ఉంటాయి. చెట్టు తెలిస్తే సగం పని అయినట్టే.

విల్లో అనే చెట్టు దొరకలేదని టెన్షన్ పడకు. ఆ కుటుంబంలోది మనకి ఏటిపాల ఉంది, కొండవాగుల పక్కన. విదేశీ పుస్తకాల్లో విల్లో ఆకు మీద కనిపించే ఎర్రటి చిక్కుడు గింజల్లాంటివి సాఫ్లై అనే రంపపు ఈగ పని. గుడ్డు పగిలి పిల్ల రాకముందే, తల్లి గుడ్డుతో పాటు వదిలిన ద్రవానికే ఆకు ఉబ్బడం మొదలవుతుంది! కోస్తే గొంగళిపురుగు లాంటి పిల్ల, దాని పెంట కనిపిస్తాయి.

నువ్వు మాత్రం మీ వీధిలో కానుగతో మొదలుపెట్టు. బుడిపె ఉన్న ఆకుని తిప్పి చూడు. అవతలివైపు సన్నని నోరు ఉంటే నల్లి (మంచంలో నల్లి కాదు, మైట్) అనుకో. అది అసలు కీటకమే కాదు, సాలీడు వర్గం. పది రెట్ల లెన్సులో కూడా నలకలా ఉంటుంది. తర్వాత హుద్‌హుద్ తుఫాను వెళ్లాక ఊళ్లో నాటిన ఏడాకుల చెట్లు చూడు. వాటి ఆకుల మీది గట్టి బుడిపెల్లో సిల్లిడ్ అనే రసం పీల్చే బుల్లి పురుగు పిల్లలుంటాయి, కళ్లు, కాళ్లతో చదునుగా. కాళ్లు లేని నారింజరంగు లార్వా ఎక్కడైనా కనిపిస్తే చిన్న ఈగదని అనుమానించు.

బ్లేడుతో అంచు నుంచి పల్చగా కోసుకుంటూ రా. మధ్యకి నరికితే లోపలిది కాస్తా రెండు ముక్కలు.

ముదిరినవి కొన్ని సీసాలో టిష్యూ కాగితం వేసి పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టు. మూత బిగిస్తే మన సముద్రపు చెమ్మకి బూజు పట్టేస్తుంది. ఎమ్మెస్సీలో నా సీసాలోంచి పచ్చగా మెరిసే బుల్లి కందిరీగలు వచ్చాయి. సంబరపడిపోయి, కట్టింది ఇవేనని రికార్డులో రాసేశాను. తీరా చూస్తే అవి ఇల్లు కట్టినవాణ్ని తినేసి బయటికొచ్చినవి! అందుకే కోసి చూసినదీ, సీసాలోంచి వచ్చినదీ వేరువేరుగా రాసుకో.

కంబాలకొండలో ఆకు తెంపకు, అది అభయారణ్యం. ఈసారి ఆకు రెండువైపులా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు. కొమ్మ కూడా కనిపించాలి.

పెద్దమ్మ