సిగ్నల్ దగ్గర వేడెక్కే 1967 మస్టాంగ్‌కు పెద్ద రేడియేటర్ వేయించాలా?

డాలస్‌లో మీరు నడుపుతున్న 1967 ఫోర్డ్ మస్టాంగ్ ఫ్రీవే మీద ఏ ఇబ్బందీ లేకుండా పోతూ, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు మూడు సిగ్నళ్లు పడేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎగబాకుతోందని, మెకానిక్ పెద్ద అల్యూమినియం రేడియేటర్‌తో పాటు రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు వేయించమంటున్నారని, ఆ ఖర్చు పెట్టవచ్చా అని అడిగారు. నా దగ్గర ఉన్నదీ అదే సంవత్సరపు మస్టాంగే, అదే 289 (క్యూబిక్ అంగుళాల వి8) ఇంజినే. హ్యూస్టన్ ఎండల్లో దానికీ ఇదే జబ్బు ఉండేది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, రేడియేటర్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నా సలహా.

గంటకు 65 మైళ్ల వేగంతో పోయేటప్పుడు ఇంజిన్ పుట్టించే వేడి, అది సిగ్నల్ దగ్గర ఊరికే తిరుగుతున్నప్పుడు పుట్టించే వేడికి ఎన్నో రెట్లు ఎక్కువ. అంత వేడిని మీ రేడియేటర్ బయటికి పంపగలుగుతోందంటే దాని సత్తాలో పెద్ద లోపం లేదన్నమాట. ఫ్రీవే మీద బండి వేగమే గాలిని లోపలికి తోస్తుంది; ఆగినప్పుడు ఆ పని మొత్తం ఫ్యాను మీదే పడుతుంది, మీ బండి వెనకబడుతున్నది అక్కడే. ఊళ్లో చల్లగా ఉండి ఫ్రీవే మీద వేడెక్కే బండి అయితే, రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయాయేమో, లోపల స్ప్రింగు లేని రేడియేటర్ కింది హోస్ (రబ్బరు గొట్టం) నీటి పంపు లాగుడుకు అణిగిపోతోందేమో చూడమని నేనే చెప్పేవాణ్ని.

అన్నిటికంటే ముందు, నిజంగా ఎంత వేడెక్కుతోందో తేల్చుకోండి. ఆ కాలపు ఫోర్డ్ కార్లలో ఇంధనం ముల్లుకూ ఉష్ణోగ్రత ముల్లుకూ బ్యాటరీ కరెంటు నేరుగా అందదు. సగటున 5 వోల్టులు ఉండేలా దాన్ని ఆపుతూ వదులుతూ ఉండే చిన్న రెగ్యులేటర్ మధ్యలో ఉంటుంది. అది పాడైతే రెండు ముళ్లూ కలిసి అబద్ధం చెబుతాయి. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) హౌసింగ్ దగ్గర కొలవండి. మెరిసే లోహం మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది గనుక, ఒకచోట కొద్దిగా నల్ల రంగు పూసి ప్రతిసారీ దాని మీదే గురిపెట్టాలి. 180 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్ టెక్సస్ వేసవిలో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ చెరిసగం కలిపిన కూలెంట్ 13 పౌండ్ల ఒత్తిడి మూత కింద 250 డిగ్రీలు దాటితే గానీ మరగదు. థర్మోస్టాట్ తీసి పారేయమనే సలహా మీకు తప్పకుండా వస్తుంది, దాన్ని పట్టించుకోకండి. థర్మోస్టాట్ నిర్ణయించేది ఇంజిన్ కనీస ఉష్ణోగ్రతనే తప్ప గరిష్ఠ ఉష్ణోగ్రతను కాదు.

ఇక గాలి విషయం. ఏసీ లేకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ కాలపు మస్టాంగ్‌లలో చాలావాటికి ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటర్ అంతటా లాగేలా చేసే తొడుగు) ఉండేది కాదు. నాలుగు రెక్కల ఫ్యాను మాత్రం ఉంటుంది. తర్వాతి యజమాని ఎవరో డ్యాష్‌బోర్డు కింద ఏసీ బిగించి, రేడియేటర్ ముందు దాని కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) అడ్డుపెట్టి ఉంటారు. మీ బండి సంగతి ఏమిటో ఒక కాగితంతో తెలుసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా, ఫ్యాన్ వైపు చేయి పోనివ్వకుండా, రేడియేటర్‌కు ముందువైపు నుంచి కాగితాన్ని ఒక్కొక్క చోట ఆనించి వదిలి చూడండి. నా బండిలో ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలో మాత్రమే కాగితం అంటుకుని నిలబడేది, నాలుగు మూలల్లోనూ జారి కింద పడేది. అంటే రేడియేటర్‌లో చాలా భాగం ఉండీ లేనట్టే. ష్రౌడ్ బిగించి, ఫ్యాన్ రెక్కలు దాని అంచులో సగం లోపలికి, సగం బయటికి ఉండేలా, దూరం సర్దే బిళ్ల అయిన స్పేసర్‌తో సరిచేసి, నాలుగు రెక్కల ఫ్యాన్ బదులు, వేడిని బట్టి ఫ్యాన్ వేగాన్ని మార్చే థర్మల్ క్లచ్ ఉన్న ఏడు రెక్కల ఫ్యాన్ వేశాక కాగితం మూలల్లోనూ నిలిచింది, సిగ్నళ్ల దగ్గర ఎగబాకడం కూడా ఆగిపోయింది. రేడియేటర్ అంచులకూ దాన్ని పట్టి ఉంచే రేకుకూ మధ్య ఉన్న సందులను కూడా రబ్బరు పట్టీతో మూయించండి, లేకపోతే ఇంజిన్ వైపు వేడిగాలి తిరిగి ముందుకు వస్తుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్లు చెడ్డవని కాదు గానీ వాటి పూర్తి ఖర్చు ఎవరూ ముందుగా చెప్పరు. రెండు పెద్ద ఫ్యాన్లు కలిసి 30 ఆంపియర్లకు పైగా తీసుకుంటాయి. మీ కారుతో వచ్చిన ఆల్టర్నేటర్ సామర్థ్యమే 40 ఆంపియర్ల చుట్టుపక్కల. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఇచ్చేది అంతకంటే బాగా తక్కువ. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే, ఫ్యాన్లు అత్యవసరమైన ఆ సమయంలోనే బ్యాటరీ దిగిపోవడం మొదలవుతుంది. 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్, దానికి తగిన లావు తీగ, రిలేలు, ఫ్యూజులు కూడా లెక్కలో వేసుకున్నాకే ఆ మార్గం ఆలోచించండి.

డబ్బు పెద్దగా ఖర్చు కాని పని మరొకటి ఉంది. ఇంజిన్ బ్లాక్‌కు రెండు పక్కలా కింద ఉండే డ్రెయిన్ ప్లగ్గులు విప్పించండి. రేడియేటర్ కింది కుళాయి తిప్పితే బ్లాక్‌లోని కూలెంట్ పూర్తిగా బయటికి రాదు. నా బండికి ప్లగ్గు తీసినా ఒక్క చుక్క రాలేదు. గట్టి తీగతో పొడిస్తే ముందు తుప్పు ముద్దలు, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. అదే సమయంలో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), దాన్ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ చూపించండి. టైమింగ్ వెనక్కి ఉంటే, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంటే, ఏ రేడియేటర్ వేసినా ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది. ఇటీవల ఎవరైనా ఇంజిన్ విప్పి బిగించి ఉంటే, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పై భాగానికీ మధ్య ఉండే రేకు) వెనుకా ముందూ తారుమారైందేమో అనుమానించాలి, ఈ ఇంజిన్లలో అది బాగా తెలిసిన పొరపాటు.

ఇంకో సంగతి. ఈ కారు రేడియేటర్ నిలువు రకం, అంటే కూలెంట్ పై ట్యాంకు నుంచి కింది ట్యాంకుకు దిగుతుంది. పై ట్యాంకులో కూలెంట్, పోసే మెడ కంటే అంగుళం పైచిలుకు కిందే ఉండాలి. నిండుగా పోస్తే, వేడికి వ్యాకోచించిన మేరకు రోడ్డు మీద పారబోసుకుంటుంది. అది చూసి లీకు అనుకుని మళ్లీ నింపేవాళ్లు చాలామంది.

ఇవన్నీ చేశాక కూడా ముల్లు ఆగకపోతే అప్పుడు రేడియేటర్ కొనండి. రాగి వేడిని అల్యూమినియం కంటే బాగా లాగుతుంది గానీ, అల్యూమినియంలో గొట్టాలను ఇంకా వెడల్పుగా చేయగలగడం వల్ల ఆ తేడా పూడిపోతుంది. 1969 వరకు వచ్చిన చిన్న వి8 మస్టాంగ్‌లలో కింది హోస్ ప్రయాణికుడి వైపు, 1970 నుంచి డ్రైవర్ వైపు ఉంటుంది. ఆర్డర్ చేసే ముందు ఇది చూసుకోకపోతే రేడియేటర్ తిప్పి పంపవలసి వస్తుంది. అల్యూమినియం వేయించాక, వోల్ట్‌మీటరు నెగటివ్ కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ఉంచి చూడండి, 0.1 వోల్టు దాటితే కూలెంట్ మార్చించి, ఎర్తింగ్ తీగలు సరిచేయించాలి. మీది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే, దాని నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ కింది ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి, కొత్తదానిలోనూ అది ఉందో లేదో అమ్మేవారిని అడిగి తెలుసుకోండి.