కరెంటు తీసిన నీళ్లలో సత్తువ తగ్గుతుందా?

ప్రశ్న: పోచంపాడులో కరెంటు తీసిన తరువాతే నీళ్లను కాకతీయ కాలువలోకి వదులుతారట. అలా తీస్తే నీళ్లలో సత్తువ పోతుందని మా అత్తయ్య అంటారు. నిజమేనా? మన తాగునీటి వాటా కూడా తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అత్తయ్యగారి సందేహం చాలామంది పెద్దలకు ఉన్నదే కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. కరెంటు తీసే రెక్కల చక్రం, అంటే టర్బైన్, వాడుకొనేది ఎత్తు నుంచి దిగే నీటి వేగాన్నే తప్ప నీటిని కాదు. రెక్కలను తిప్పి అవతలికి వెళ్లిన నీటిలో రుచిగాని లవణాలుగాని మారవు, పరిమాణమూ తగ్గదు. పోచంపాడు ప్రాజెక్టుకే శ్రీరామసాగర్ అని పేరు; దాని విద్యుత్ కేంద్రం కాకతీయ కాలువ మొదట్లోనే ఉంది. 9 మెగావాట్ల యూనిట్లు నాలుగు కలిపి దాని సామర్థ్యం 36 మెగావాట్లు. కాలువకు ఎలాగూ వదలవలసిన నీళ్లతోనే అక్కడ విద్యుత్తు తీయవచ్చు గనుక దానివల్ల మన వాటాకు లోటు రాదు. ఆ నీళ్లు కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు జలాశయంలో చేరి, మళ్లీ కాలువ వెంట మన వైపు వచ్చి, ధర్మసాగర్ వంటి చెరువుల్లో నిలిచి, పటికతో తేరి, ఇసుక పొరల్లో వడకట్టబడి, క్లోరిన్ కలిసిన తరువాతే కుళాయికి చేరతాయి.

మన వాటాను నిజంగా తినేస్తున్నది పూడిక. వానాకాలంలో బిందెలో పట్టిన నీళ్లు తెల్లవారేసరికి అడుగున ఒండు వదిలినట్టే, వరదతో వచ్చిన గోదావరి జలాశయంలో వేగం కోల్పోయి, ముందు ఇసుకను, తరువాత మెత్తని మట్టిని దింపేస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు తొలి సామర్థ్యం 112 టీఎంసీలు. పూడిక సర్వేల తరువాత ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 80.5 మాత్రమే. పోయిన 31.5 టీఎంసీల చోటు, 24 టీఎంసీల దిగువ మానేరు మొత్తం కంటే పెద్దది! ఒక్క టీఎంసీ అంటేనే సుమారు 2,832 కోట్ల లీటర్లు. నిండుగా వరద వచ్చిన ఏడు కూడా అంత నీటిని నిలుపుకోలేక గేట్లెత్తి కిందికి వదలవలసి రావడం నాకు తీరని బాధ. ఎగువన చెట్లు పెంచి మట్టి కోతను ఆపడం, వేసవిలో నీరు వెనక్కి తగ్గినచోట ఒండును రైతులు పొలాలకు తోలుకోనివ్వడం ఇంకా ఆలస్యం చేయవలసిన పనులు కావు.

మీ కుళాయిలో ఎప్పుడైనా మట్టిరంగు నీళ్లు వస్తే మాత్రం కరెంటును అనుమానించకండి. నగరపాలక సంస్థకు వెంటనే తెలిపి, అవి తేటపడేదాకా వడకట్టి, కాచి చల్లార్చిన నీళ్లే తాగండి.